పాత డీజిల్ బండి, ఘాటు దారి: ఇంటివద్ద చేయదగిన పనులు, చేయరాని పనులు

సాలూరు దాటి సుంకి ఘాటు ఎక్కే ప్రతి వాహనానికీ ఆ దారి ఒక పరీక్ష. విజయనగరం మైదానంలో బయలుదేరిన బండి పొట్టంగి, సిమిలిగుడల మీదుగా కోరాపుట్ చేరేసరికి సముద్రమట్టానికి సుమారు 870 మీటర్ల ఎత్తుకు వస్తుంది. అక్కడి నుండి లక్ష్మీపూర్ మీదుగా రాయగడకు దిగితే మళ్ళీ రెండు వందల మీటర్ల స్థాయికి చేరుతుంది. కోరాపుట్, రాయగడ జిల్లాల పట్టణాలలో స్థిరపడిన తెలుగు కుటుంబాల రాకపోకలన్నీ ఈ ఎత్తుపల్లాల నడుమనే సాగుతున్నాయి. పండుగకు సొంత ఊరు వెళ్ళాలన్నా, కొట్టుకు సరుకు తెచ్చుకోవాలన్నా, పెద్దవారిని విశాఖపట్నం ఆసుపత్రికి తీసుకువెళ్ళాలన్నా ఘాటు దాటక తప్పదు.

ఈ ప్రయాణాలకు చాలా ఇళ్ళలో ఆధారం పాత డీజిల్ బండే. మహీంద్రా జీపు, కమాండరు, అంబాసిడరు, 1994లో వచ్చిన టాటా సుమో, 1998లో వచ్చిన ఇండికా, 2000లో వచ్చిన బొలేరో ఈ దారులలో నేటికీ కనిపిస్తాయి. వీటిలో అంబాసిడరు తయారీ 2014లోనే నిలిచిపోయింది. కొత్త బండి కొనే స్తోమత అందరికీ ఉండదు. ఉన్న బండినే జాగ్రత్తగా కాపాడుకునేవారికి తెలియవలసిన విషయాలు ఈ వ్యాసంలో ఉన్నాయి. సారాంశం ఒక్కటే: పాత డీజిల్ ఇంజనును ఎక్కువ కాలం నిలిపేది పెద్ద మరమ్మతు కాదు, క్రమం తప్పని శుభ్రత. ఆ శుభ్రత ఇంటివద్దనే సాధ్యం. ప్రాణంతో ముడిపడిన పనులు మాత్రం ఇంటివద్ద చేయరాదు. ఈ రెండింటి మధ్య గీత ఎక్కడ ఉన్నదో తెలుసుకోవడమే యజమాని నేర్చుకోవలసిన మొదటి విద్య.

డీజిల్ ఇంజను పనిచేసే తీరు

పెట్రోలు ఇంజనులో ఇంధనాన్ని మండించేది స్పార్కు ప్లగ్గు. డీజిల్ ఇంజనులో నిప్పురవ్వ లేదు. పిస్టను గాలిని దాదాపు ఇరవయ్యో వంతుకు అదుముతుంది. అంతగా అదిమిన గాలి అయిదు వందల సెంటిగ్రేడు డిగ్రీలకు పైగా వేడెక్కుతుంది. ఆ వేడి గాలిలోకి ఇంజెక్టరు డీజిల్‌ను సన్నని తుంపరగా చిమ్మగానే అది తనంతట తానే అంటుకుంటుంది. కావున ఈ ఇంజనుకు కావలసినవి నాలుగు: తగినంత గాలి, మలినం లేని డీజిల్, మంచి ఆయిలు, వేడిని తీసుకుపోయే నీరు. పాత బండిలో తలెత్తే చాలా ఇబ్బందులకు ఈ నాలుగింటిలో ఏదో ఒకటి లోపించడమే కారణం.

గాలి: ఎర్రమట్టి, ఎత్తు

భూమి నుండి పైకి పోయేకొద్దీ గాలి పలుచబడుతుంది. సముద్రతీరంతో పోల్చితే కోరాపుట్‌లో ఇంజనుకు అందే గాలి సుమారు పదో వంతు తక్కువ. టర్బో లేని పాత ఇంజనులో డీజిల్ పంపు మాత్రం ఎప్పటివలెనే ఇంధనం పంపుతుంది. గాలి చాలక ఆ డీజిల్ పూర్తిగా కాలదు. ఎక్కుడులో నల్లటి పొగ వస్తుంది, బండి లాగదు. మైదానంలో బాగా నడిచిన బండి కొండమీద నీరసించడానికి ఇది ఒక సహజ కారణం. దీనికి ఎయిర్ ఫిల్టరులో పేరుకున్న ఎర్రమట్టి తోడైతే కష్టం రెట్టింపవుతుంది.

ఎయిర్ ఫిల్టరును విప్పి చూడడం ఇంట్లో ఎవరైనా చేయగల పని. కాగితపు ఫిల్టరును నెమ్మదిగా నేలకు తట్టి దుమ్ము రాల్చాలి. నీటితో కడగరాదు. వెలుతురుకు ఎదురుగా పట్టుకున్నప్పుడు లోపలి నుండి వెలుగు కనిపించకపోతే మార్చవలసిందే. పాత జీపులలో ఉండే ఆయిలు బాత్ ఫిల్టరు వేరు. దాని గిన్నెలో అడుగున చేరిన బురదను తీసి, డీజిల్‌తో కడిగి, గీత వరకు కొత్త ఆయిలు పోయాలి. గీత దాటితే ఇంజను ఆ ఆయిలునే పీల్చుకునే ప్రమాదం ఉంది. ఫిల్టరు నుండి ఇంజనుకు పోయే రబ్బరు గొట్టంలో చీలిక ఉంటే ఫిల్టరు ఎంత కొత్తదైనా ప్రయోజనం లేదు. వడపోత లేకుండా చొరబడిన మట్టి సిలిండరును ఆకురాయిలా అరగదీస్తుంది.

డీజిల్: నీరే మొదటి శత్రువు

ఈ కొండప్రాంతంలో వర్షాలు అధికం. ట్యాంకు సగం ఖాళీగా ఉన్నప్పుడు రాత్రి చలికి లోపలి గాలిలోని తేమ నీటిబొట్లుగా మారి అడుగుకు చేరుతుంది. పల్లెలలో పీపాల నుండి, డబ్బాల నుండి పోయించుకున్న డీజిల్‌లో నీరు, తుప్పు కలిసే అవకాశం మరింత ఎక్కువ. డీజిల్ పంపులోను, ఇంజెక్టర్లలోను కదిలే భాగాలకు డీజిలే కందెన. దానిలో నీరు చేరితే అవి తుప్పు పట్టి బిగుసుకుపోతాయి. ఆ మరమ్మతు ఖర్చుతో పోల్చితే ఫిల్టరు ధర లెక్కలోకి రాదు. డీజిల్‌లో కిరోసిన్ కలిపే పాత అలవాటు కూడా ఇందుకే హానికరం. కిరోసిన్‌కు ఆ జిగురు లేదు.

డీజిల్ ఫిల్టరు అడుగున నీరు వదిలే మర ఉంటుంది. పదిహేను రోజులకు ఒకసారి, వర్షాకాలంలో వారానికి ఒకసారి, దానిని వదులుచేసి కొద్దిగా డీజిల్‌ను గాజుసీసాలోకి పట్టాలి. పది నిమిషాలు కదపకుండా ఉంచితే నీరు అడుగుకు, డీజిల్ పైకి విడిపోతాయి. నీరు కనిపిస్తే, శుభ్రమైన డీజిల్ వచ్చేవరకు వదలాలి. వర్షాకాలంలో రాత్రిపూట ట్యాంకును నిండుగా ఉంచడం మంచి అలవాటు.

ఫిల్టరు మార్చినప్పుడు గాని, ట్యాంకు పూర్తిగా ఖాళీ అయినప్పుడు గాని గొట్టాలలోకి గాలి చేరుతుంది. మెకానిక్కులు దీనినే ‘ఎయిర్ పట్టింది’ అంటారు. స్టార్టరు ఎంత తిప్పినా బండి కదలదు, బ్యాటరీ మాత్రం దిగిపోతుంది. పాత పద్ధతి ఇంజనులో దీనికి విరుగుడు సులభం. ఫిల్టరు తలమీద ఉండే చిన్న మరను పానాతో ఒక చుట్టు వదులుచేసి, చేతి పంపును నొక్కుతూ పోవాలి. మొదట నురగ, తరువాత బుడగలు, చివరకు బుడగలు లేని డీజిల్ వస్తుంది. అప్పుడు నొక్కుతూనే మరను బిగించాలి. కొన్ని బండ్లలో డీజిల్ పంపు మీద కూడా ఇటువంటి మర ఉంటుంది. అక్కడా ఇదే పద్ధతి.

ఈ పని ఇంతవరకే. ఇంజెక్టరుకు పోయే సన్నని ఇనుపగొట్టాలలో డీజిల్ వంద రెట్ల వాతావరణ పీడనానికి మించి ఉంటుంది. కామన్ రెయిల్ పద్ధతి వచ్చిన తరువాతి బండ్లలో అది వెయ్యి రెట్లు దాటుతుంది. ఆ పీడనంతో చిమ్మిన డీజిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. గాయం సూదిమొన అంతే కనిపించినా చేతినే పోగొట్టగలదు. అటువంటి గాయమైతే నొప్పి లేకున్నా వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. కామన్ రెయిల్ బండిలో ఏ ఇంధన గొట్టాన్నీ ఇంటివద్ద విప్పరాదు.

ఆయిలు: రంగు చెప్పే మాట

డీజిల్ ఇంజనులో కొత్త ఆయిలు కొద్ది రోజులకే నల్లబడుతుంది. అది మసిని తనలో కలుపుకుంటున్నది గనుక నలుపు దోషం కాదు. గమనించవలసిన సూచనలు వేరే ఉన్నాయి. సమతల నేల మీద, ఇంజను చల్లగా ఉన్నప్పుడు కొలపుల్లను తీసి తుడిచి మళ్ళీ ముంచి చూడాలి. ఆయిలు పాలకాఫీ రంగులో ఉంటే దానిలో నీరు కలుస్తున్నదని అర్థం. పోయకుండానే మట్టం పెరిగితే డీజిల్ కారి చేరుతున్నదని అర్థం. ఈ రెండింటిలో ఏది కనిపించినా బండిని నడపకుండా మెకానిక్కుకు చూపాలి.

ఆయిలు ఎన్ని కిలోమీటర్లకు మార్చాలో, ఏ శ్రేణి ఆయిలు వాడాలో బండితో వచ్చిన పుస్తకంలో ఉంటుంది. ఘాటులో ఎక్కువగా తిరిగే బండికి ఆ గడువుకంటె ముందే మార్చడం మంచిది. మార్చేముందు ఇంజనును కొద్దిగా వేడెక్కించాలి. అప్పుడు మసి కూడా ఆయిలుతోపాటు దిగుతుంది. కొత్త ఫిల్టరు రబ్బరు వాషరుకు కొంచెం ఆయిలు పూసి, చేతితోనే బిగించాలి. పానాతో బిగిస్తే మరుసటిసారి ఊడిరాదు.

జాకీ మీద నిలిపిన బండి కిందికి ఎవరూ దూరరాదు. వాలు నేల మీద జాకీ వేయరాదు. దూరవలసివస్తే బలమైన స్టాండ్ల మీద బండిని నిలిపి, నేల మీద ఉన్న చక్రాలకు దుంగలు అడ్డుపెట్టి, హ్యాండు బ్రేకు వేసిన తరువాతనే దూరాలి. ఇటుకలు బరువుకు పగులుతాయి కాబట్టి స్టాండుకు బదులు వాటిని వాడరాదు.

నీరు: కొండమీద త్వరగా మరుగుతుంది

కోరాపుట్ ఎత్తులో నీరు 97 డిగ్రీల దగ్గరనే మరుగుతుంది. రేడియేటరు మూత లోపలి పీడనాన్ని నిలిపి ఈ మరుగును వెనక్కు నెడుతుంది. అందువలన మూతలోని రబ్బరు, స్ప్రింగు పాడైతే నీరు నిండుగా ఉన్నా ఘాటులో బండి పొంగుతుంది. చవకైన మూతను సకాలంలో మార్చితే ఖరీదైన సిలిండరు హెడ్డు దక్కుతుంది. బోరునీటిలోని సున్నం రేడియేటరు గొట్టాలలో పేరుకుంటుంది గనుక కూలెంటును, శుద్ధిచేసిన నీటిని కలిపి పోయాలి. ఫ్యాను బెల్టును బొటనవ్రేలితో నొక్కినప్పుడు సుమారు ఒక సెంటీమీటరు లోపలికి పోవాలి. బెల్టు పగుళ్ళు చూపితే ప్రయాణానికి ముందే మార్చి, పాతదానిని బండిలో ఉంచుకోవడం వివేకం.

ఎక్కుడులో వేడి ముల్లు ఎర్రగీతను చేరితే వెడల్పైన చోట బండి ఆపి, చక్రానికి రాయి పెట్టాలి. మూతను వెంటనే తీయరాదు. ఆవిరి ముఖానికి చిమ్ముతుంది. అరగంట పైగా ఆగి, చేతితో తాకగలిగినంత చల్లారిన తరువాత మందపాటి గుడ్డతో పట్టుకుని కొద్దికొద్దిగా తిప్పాలి. వేడి ఇంజనులో చన్నీరు ఒక్కసారిగా పోస్తే హెడ్డు పగలవచ్చు. బయలుదేరేటప్పుడు చక్రం కింది రాయిని దారి పక్కకు తీసివేయడం మరువరాదు. వదిలివేసిన రాయి రాత్రివేళ మోటారు సైకిలు మీద వచ్చేవారి ప్రాణం తీయగలదు.

చలికాలపు ఉదయం

పుష్యమాసంలో సిమిలిగుడ, కోరాపుట్ ప్రాంతాలలో తెల్లవారుజామున చలి తీవ్రంగా ఉంటుంది. అంబాసిడరు ఇసుజు ఇంజను, ఇండికా వంటి వాటిలో మొదటి వేడి పుట్టించేవి హీటరు ప్లగ్గులు. ఒకటి రెండు ప్లగ్గులు చెడిపోతే ఉదయం బండి కష్టంగా అంటుకుని, కొద్దిసేపు ఊగుతూ తెల్లని పొగ వదులుతుంది. పరీక్ష సులభం. ప్లగ్గుల తీగ విప్పి, 12 వోల్టుల బల్బు తీగను ఒకవైపు బ్యాటరీ ప్లస్‌కు, రెండవవైపు ప్లగ్గు కొనకు తాకించాలి. బల్బు వెలిగితే ప్లగ్గు లోపలి చుట్ట తెగలేదన్నమాట. వెలగని ప్లగ్గును మార్చాలి. ఈథరు వంటి మండే ద్రవాలను గాలిగొట్టంలో చల్లి స్టార్టు చేయడం హీటరు ప్లగ్గులున్న ఇంజనులో పేలుడుకు దారితీయవచ్చు.

పొగ రంగు ఇంజను ఆరోగ్యానికి నాడి వంటిది. నల్లపొగ గాలి తక్కువను, ఇంధనం ఎక్కువను తెలుపుతుంది. నీలిపొగ ఆయిలు కాలుతున్నదని తెలుపుతుంది. ఇంజను వేడెక్కిన తరువాత కూడా తెల్లపొగ ఆగకపోతే, డీజిల్ కాలకుండా పోతున్నదో, నీరు సిలిండరులోకి చేరుతున్నదో చూడవలసి ఉంటుంది.

బ్రేకులు: దిగుడులో ప్రాణాధారం

ఇంజను చెడితే బండి ఆగిపోతుంది. బ్రేకు చెడితే బండి ఆగదు. ఘాటు దారిలో ఈ తేడా ప్రాణానికి సంబంధించినది. బ్రేకు ఆయిలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది. తేమ చేరిన ఆయిలు, దిగుడులో బ్రేకులు కాగినప్పుడు, గొట్టాలలోనే ఆవిరవుతుంది. అప్పుడు పెడలు మెత్తగా అడుగుదాకా పోతుంది, బండి మాత్రం ఆగదు. చూడడానికి బాగానే ఉన్నా రెండేళ్ళకు ఒకసారి బ్రేకు ఆయిలు మార్పించడానికి కారణం ఇదే.

దిగుడులో డీజిల్ ఆదా చేద్దామని ఇంజను ఆపి, న్యూట్రల్‌లో బండిని జారనిచ్చే అలవాటు కొందరిలో ఉన్నది. ఇది అత్యంత ప్రమాదకరం. డీజిల్ బండిలో బ్రేకు బూస్టరుకు బలమిచ్చే వ్యాక్యూమ్ పంపును ఇంజనే తిప్పుతుంది. ఇంజను ఆగితే రెండు మూడు సార్లు నొక్కేసరికి ఆ బలం అయిపోతుంది. పెడలు రాయిలా బిగుసుకుంటుంది. పవర్ స్టీరింగు ఉన్న బండిలో స్టీరింగు కూడా బరువెక్కుతుంది. ఏ గేరులో ఎక్కుతామో ఆ గేరులోనే దిగాలన్న డ్రైవర్ల సూత్రం ఎంతో అనుభవం మీద ఏర్పడినది. తక్కువ గేరులో ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది, బ్రేకులు కాగవు.

ఇంటివద్ద చేయదగినది పరిశీలన మాత్రమే. మాస్టరు సిలిండరు డబ్బాలో మట్టం, చక్రాల లోపలివైపు తడి మరకలు, పెడలు నొక్కి పట్టినప్పుడు మెల్లగా దిగుతున్నదా లేదా అన్న విషయం, వాలులో హ్యాండు బ్రేకు నిలుపుతున్నదా లేదా అన్న విషయం ప్రతి ప్రయాణానికి ముందు చూడాలి. బ్రేకు సిలిండర్లు, గొట్టాలు, లైనింగులు మార్చే పని తెలిసిన మెకానిక్కు చేతనే చేయించాలి.

ఇంటివద్ద చేయరానివి

డీజిల్ పంపు సీలు విప్పి ఇంధనం పెంచడం, ఇంజెక్టర్లను విప్పి అమర్చడం, టైమింగు బెల్టు మార్చడం, స్టీరింగు కీళ్ళు, బ్రేకులు ఇంటి పనులు కావు. పంపు సీలు విప్పిస్తే బండి లాగుడు పెరిగినట్లు అనిపిస్తుంది. నిజానికి కొండమీద గాలి చాలక ఆ అదనపు డీజిల్ పొగగానే పోతుంది. ఇండికా వంటి బండ్లలో టైమింగు బెల్టు తెగితే వాల్వులు పిస్టన్లకు తగిలి ఇంజను ఒక్క క్షణంలో పాడవుతుంది. పాత బండి కొన్నవారు, ఆ బెల్టు ఎప్పుడు మార్చారో తెలియనప్పుడు, ముందుగా దానినే మార్పించాలి.

వాడిన ఆయిలు ఎక్కడికి పోతుంది?

ఇంటివద్ద ఆయిలు మార్చిన ప్రతిసారీ నాలుగైదు లీటర్ల నల్లటి ఆయిలు మిగులుతుంది. దానిని ఇంటిముందు కాలువలో పోస్తే అది కంటికి దూరమవుతుంది గాని మాయం కాదు. రాయగడ పక్కనుండి పారే నాగావళి పార్వతీపురం మన్యం జిల్లాలో తోటపల్లి బ్యారేజీని చేరి, పొలాలను తడిపి, శ్రీకాకుళం మీదుగా సముద్రంలో కలుస్తుంది. కోరాపుట్ చెంత ఉన్న కొలాబు జలాశయం పట్టణాలకు తాగునీరిస్తుంది. ఆ కొలాబే దిగువన శబరి పేరుతో ప్రవహించి కూనవరం వద్ద గోదావరిని చేరుతుంది. ఇక్కడి కాలువలో పోసినది మొదట ఇరుగుపొరుగువారి నీటిని, తరువాత సొంత ఊరిలోని బంధువుల నీటిని చేరుతుంది.

వాడిన ఆయిలును 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నియమాలు ప్రమాదకర వ్యర్థంగానే గుర్తించాయి. దానిని మూత ఉన్న డబ్బాలో పట్టి, నీరు, పెట్రోలు కలపకుండా, వాడిన ఆయిలు సేకరించే వర్క్‌షాపులో అప్పగించాలి. చెదలకు మందుగా తలుపులకు, గుంజలకు పూయడం, పొయ్యిలో కాల్చడం మానాలి. పాత బ్యాటరీని కొత్తది కొన్న దుకాణానికే తిరిగి ఇవ్వాలి. నదిలోకి బండిని దింపి కడగడం కూడా ఈ కోవలోనిదే.

కాగితాల విషయం

సొంత వాడకపు కారు రిజిస్ట్రేషను 15 సంవత్సరాలు చెల్లుతుంది. ఆ తరువాత తనిఖీ చేయించి, ఫారం 25 ద్వారా అయిదేళ్ళకు ఒకసారి పొడిగించుకోవచ్చు. గడువు ముగియడానికి 60 రోజుల ముందు నుండి దరఖాస్తు చేయవచ్చు. ఆంధ్రప్రదేశ్ సంఖ్యతో ఉన్న బండిని ఒడిశాలో 12 నెలలకు మించి ఉంచితే, నిరభ్యంతర పత్రం తెచ్చుకుని ఇక్కడ మళ్ళీ నమోదు చేయించాలని 1988 నాటి మోటారు వాహనాల చట్టం చెబుతున్నది. కోరాపుట్ జిల్లాకు ఓడీ 10, రాయగడ జిల్లాకు ఓడీ 18 సంకేతాలు. పెట్రోలు జీపుకు డీజిల్ ఇంజను ఎక్కించినవారు ఆ మార్పును ఆర్‌.సి.లో నమోదు చేయించి ఉండాలి. నమోదు లేకపోతే ప్రమాద సమయంలో బీమా సొమ్ముకు చిక్కు వస్తుంది.

పొగ పరీక్షలో బి.ఎస్. 4 కంటె ముందటి డీజిల్ బండికి 65 హార్ట్‌రిడ్జి యూనిట్లు, బి.ఎస్. 4 బండికి 50 యూనిట్లు పరిమితి. పరీక్షకు ముందు ఎయిర్ ఫిల్టరు శుభ్రపరచి, ఇంజనును బాగా వేడెక్కించి తీసుకువెళ్ళడం మేలు.

గుర్తుంచుకోవలసిన క్రమం

ప్రయాణానికి ముందు: ఇంజను ఆయిలు, రేడియేటరు నీరు, బ్రేకు ఆయిలు మట్టాలు, పెడలు, హ్యాండు బ్రేకు, స్టెపినీతో సహా టైర్ల గాలి, బండి నిలిచిన చోట నేల మీద కారుడు మరకలు.

పదిహేను రోజులకు: డీజిల్ ఫిల్టరు నుండి నీరు వదలడం, ఎయిర్ ఫిల్టరు దుమ్ము రాల్చడం, ఫ్యాను బెల్టు బిగువు చూడడం.

వర్షాకాలానికి ముందు: వైపర్లు, లైట్లు, టైర్ల అరుగుదల, రేడియేటరు మూత.

చలికాలానికి ముందు: హీటరు ప్లగ్గులు, బ్యాటరీ.

రెండేళ్ళకు: బ్రేకు ఆయిలు, కూలెంటు మార్పించడం.

చేసిన ప్రతి పనిని తేదీతో, కిలోమీటర్లతో ఒక చిన్న నోటు పుస్తకంలో రాసి బండిలోనే ఉంచాలి. దూరప్రాంతంలో బండి ఆగినప్పుడు, తెలియని మెకానిక్కుకు సైతం ఆ బండి చరిత్రను ఆ పుస్తకమే తెలియజేస్తుంది.